ఐదు గ్రాముల దుమ్ము

పెళ్ళిళ్ళలో బంధువులెవరైనా "ఇప్పుడేం చేస్తున్నారండీ?" అని అడిగితే, "ఇళ్ళల్లో దుమ్ము పోగుచేసి పరీక్ష చేస్తామండీ" అని చెప్పేవాణ్ణి. "అయితే మా ఇంటికి రండి, బస్తాడు ఇస్తాం" అని నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నా ఉద్యోగంలో చివరి ఆరేళ్ళూ ఈ హాస్యంతోనే గడిచాయి. ఆ ఆరేళ్ళలో నవ్వడానికి వీల్లేని సంగతి ఒకటుంది. దాన్ని ఇప్పటిదాకా మొదటి నుంచి చివరిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఈమధ్య ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళు ఇద్దరు మా ఇంటికొచ్చి, "మీ అనుభవాలు రాసిపెట్టండి సార్, మాకు పనికొస్తాయి" అన్నారు. ఏ యంత్రం మీద ఎలా పనిచేశానో రాయమని వాళ్ళ ఉద్దేశం కాబోలు. యంత్రాల సంగతి యంత్రాలతో వచ్చే పుస్తకాల్లోనే ఉంటుంది. నేను రాయదగ్గది ఒకటే ఉంది. ఇందులో ఎవరి పేర్లూ లేవు. మిగిలినవాళ్ళ పేర్లు వాడుకునే హక్కు నాకు లేదు.

అంతకుముందు పాతికేళ్ళు నేను ధాన్యంలో, కూరగాయల్లో పురుగుమందుల జాడలు వెతికే పని చేశాను. తర్వాత తాడేపల్లిగూడెంలో ఒక చిన్న పరిశోధన ల్యాబుకి వచ్చాను. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్ మీద అక్కడ పరిశోధన. ఆ జబ్బు వచ్చిన పిల్లల ఇళ్ళల్లోనూ, రాని పిల్లల ఇళ్ళల్లోనూ దుమ్ము తీసి, తేడా ఏమైనా ఉందేమో చూడాలి. పొలంలో చల్లిన మందు ఎండకీ వానకీ కొన్నాళ్ళకు విరిగిపోతుంది. అదే మందు చెప్పులకో బట్టలకో అంటుకుని ఇంట్లోకి వచ్చి మంచం కింద మూలకు చేరిందంటే ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. పిల్లలు ఆ నేల మీదే పాకుతారు, ఆడుకుంటారు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు.

ల్యాబుకు పెద్ద మా మేడమ్. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, నాకంటే చాలా తక్కువ మాట్లాడేది. ఇళ్ళకు వెళ్ళి తల్లుల్ని ప్రశ్నలడిగి ఫారాలు నింపడం ఏలూరు నుంచి వచ్చే ఒకావిడ పని. ఆవిణ్ణి అందరం, ఉర్దూలో అక్క అన్నట్టు, ఆపా అని పిలిచేవాళ్ళం. ఆవిడతో వెళ్ళి దుమ్ము తీయడం, తెచ్చి పరీక్షించడం నా పని.

మొదటి రెండు నెలలూ మాకు దుమ్ము దొరకలేదంటే మీరు నమ్మరు. నేను మర్యాదస్థుణ్ణి కదా, ముందురోజే ప్రతి ఇంటికీ ఫోన్ చేసి, "రేపు పదింటికి వస్తామండీ" అని చెప్పేవాణ్ణి. పదింటికి వెళ్ళేసరికి ఆ ఇల్లు కడిగి, వాకిట్లో ముగ్గేసి, కాఫీ పెట్టి సిద్ధంగా ఉండేవారు. ఏ మూలా నలుసు ఉండేది కాదు. ముదినేపల్లి దగ్గర ఒక ఇల్లాలు, ఎలాగూ దుమ్మే కావాలన్నాం కాబట్టి, ముందే ఊడ్చి, అందులోని వెంట్రుకలూ నూకలూ కనిపిస్తే మేం ఏమనుకుంటామోనని పిండి జల్లెడతో జల్లించి, స్టీలు గిన్నెలో పోసి, మూత పెట్టి ఇచ్చింది.

కారెక్కాక ఆపా నా మీద విరుచుకుపడింది. "ఇంకోసారి ముందు ఫోన్ చేశారంటే నేను రానండి మాస్టారూ. దుమ్ముందని చెప్పుకోడానికి ఏ ఆడదైనా ఒప్పుకుంటుందాండీ? మీ ఇంట్లో ఒప్పుకుంటారా?"

ఒప్పుకోరు. ఆ తర్వాత ఫోన్లు మానేశాను.

మాకు ఒక్కో ఇంటి నుంచి కనీసం ఐదు గ్రాములు కావాలి. అంతకంటే తక్కువ వస్తే రిజిస్టరులో "చాలదు" అని రాసి, పదిహేను రోజులాగి మళ్ళీ వెళ్ళాలి. మెత్తని కుంచెతో మంచాల కిందా తలుపుల వెనకా తీసి, కాగితం మీదకు ఎత్తి, సీసాలో పోసి, ఆ కాగితాన్ని వేలితో రెండుసార్లు మీటేవాణ్ణి. ఆఖరి నలుసు దాకా సీసాలో పడాలి. చేతికి పట్టిన అలవాటు అది. ఫోన్లు మానేసిన తర్వాత నా సంతకం పక్కన ఆ రిజిస్టరులో ఒక్కసారి కూడా "చాలదు" అన్న మాట లేదు. దాన్ని గురించి నాకు ఎంత గర్వమంటే, మేడమ్ గదిలోకి వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక వంకతో ఆ రిజిస్టరు తెరిచి ఆవిడ ముందు పెట్టేవాణ్ణి. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు. అనాలని నేను ఎదురుచూసేవాణ్ణి.

గణపవరం దాటి కొల్లేరు వైపు వెళ్తే ఒక ఊరుంది. రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులు. అక్కడ ఒకే పెంకుటింట్లో రెండు వాటాలు. నడిమి గోడ పైకప్పు దాకా లేదు, దూలం దగ్గర ఆగిపోతుంది. పాత ఇళ్ళు కొన్ని అలాగే ఉంటాయి. ఒక వాటాలో మాట అవతలి వాటాలో వినిపిస్తుంది. ఎడమ వాటాలో ఆరేళ్ళ పాప. జబ్బు బయటపడి ఎనిమిది నెలలు. తండ్రి చేపల చెరువు మీద పని చేస్తాడు. మేత వేస్తాడు, చేపలకు పేను పడితే మందు చల్లుతాడు.

ఆ ఇంట్లో అడుగుపెట్టగానే ఫినాయిలు వాసన. నేల మీద మన మొహం కనిపించేలా ఉంది. ఈసారి ఫోన్ చెయ్యలేదు కదా అని ఆపా వైపు చూశాను.

"డాక్టరుగారు చెప్పారండీ" అంది పాప తల్లి. "పాపకి వేరే జబ్బులేమీ తగలకూడదంట. ఇల్లు పరిశుభ్రంగా ఉంచాలన్నారు. అందుకని రోజుకి రెండుసార్లు కడుగుతున్నానండీ. మంచాలు కూడా జరిపి కడుగుతున్నాను."

ఇది మేం ఎవ్వరం ముందుగా ఆలోచించని సంగతి. జబ్బు వచ్చిన పిల్లల ఇళ్ళు అన్నిటికంటే శుభ్రంగా ఉంటాయి. మేం వెతికేది ఏ ఇళ్ళల్లో ఉండాలో ఆ ఇళ్ళల్లోనే తల్లులు దాన్ని కడిగేస్తున్నారు.

ఆపా తల్లిని వంటింట్లో కూర్చోబెట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. నేను మోకాళ్ళ మీద పాకుతూ వెతకడం మొదలుపెట్టాను. పాప మంచం మీద కూర్చుని కాపీ పుస్తకంలో అక్షరాలు దిద్దుకుంటోంది. జుట్టు ఊడిపోయిన తలకు నీలం రంగు టోపీ. నన్ను కాసేపు చూసి,

"తాతగారూ, ఏం పోయింది మీది?" అంది.

"ఏం పోలేదమ్మా. దుమ్ము వెతుకుతున్నాను."

"మా ఇంట్లో దుమ్ము లేదుగా! మా అమ్మ మొత్తం కడిగేసింది." మంచం అంచు నుంచి కిందకు వంగి చూసింది. "దొరికిందా?"

"కొంచెం."

"కొంచెమేగా? అయితే మేమే గెలిచాం. మీరు ఓడిపోయారు."

బీరువా వెనకా, తలుపు చట్రాల మీదా, కిటికీ సందుల్లో, ఎక్కడెక్కడో గోకి తీస్తే చేతి త్రాసు మీద రెండు గ్రాములు కూడా తూగలేదు. ఈలోగా తండ్రి వచ్చాడు. గేటు దగ్గర పంపు కింద కాళ్ళు కడుక్కుని లోపలికి రాగానే పాప మంచం మీద నిలబడి చేతులు చాచింది. ఎత్తుకుని భుజం మీద వేసుకున్నాడు. "చేపల వాసన!" అని ఆ పిల్ల ముక్కు మూసుకుని నవ్వింది. దిగలేదు.

నేను బయటకొచ్చాను. కుడి వాటా గుమ్మంలో ఒకావిడ కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఏడాది నిండని పిల్లవాడు ఆవిడ చుట్టూ పాకుతున్నాడు.

"ఏంటండీ వెతుకుతున్నారు పొద్దుటినుంచీ?" అంది.

"దుమ్మమ్మా. మీ ఇంట్లో ఉందేమిటి?"

"దుమ్ముకేం లోటండీ! ఆయ్, రండి, కావలసినంత పట్టుకెళ్ళండి" అని నవ్వింది. వాళ్ళకు నాలుగెకరాల పొలం ఉంది. వెనక గదిలో ధాన్యం బస్తాలు, వాటి పక్కనే మంచం, మంచం కింద చేతి మందాన దుమ్ము.

ఒకే కప్పు, ఒకే గాలి, నడిమి గోడ కూడా పూర్తిగా లేదు, ఇక ఈ దుమ్ముకీ ఆ దుమ్ముకీ తేడా ఏమిటి అనుకున్నాను. ఇలా అనుకోవడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడికి తప్పుకి కారణం దొరకడం కష్టం కాదు. కుంచెతో తీసి, సీసా మూత తిప్పి, పాప ఇంటి దుమ్ములో పోశాను. కాగితాన్ని రెండుసార్లు మీటాను. త్రాసు మీద ఐదు గ్రాముల పైన చూపించింది. ఎక్కువైనదాన్ని న్యూస్‌పేపరు ముక్కలో పొట్లం కట్టి సంచిలో పడేసుకున్నాను. సీసా మీద ఎడమ వాటా నంబరు రాసి సంతకం పెట్టాను. ఆపా బయటకు వచ్చేసరికి నేను కారు దగ్గర నిలబడి ఉన్నాను.

"దొరికిందాండీ?" అని ఆశ్చర్యపోయింది. "ఆ ఇంట్లోనా?"

"వెతకాలే గానీ..." అన్నాను.

నెల తర్వాత ఆ సీసా వంతు వచ్చింది. యంత్రానికి ఎక్కిస్తే కంప్యూటరు తెర మీద గీత సాగుతూ సాగుతూ ఒకచోట నిట్టనిలువుగా లేచింది. అది ఒక పురుగుమందు పొడి గుర్తు, ధాన్యం నిల్వల్లో పురుగు పట్టకుండా ఒకప్పుడు చల్లేవారు. ప్రభుత్వం ఎప్పుడో ఆపేయమంది. చేపల చెరువుల్లో చల్లే రకం కాదు. అది చూడగానే నా కళ్ళ ముందు ధాన్యం బస్తాలే కనిపించాయి.

మేడమ్ వచ్చి నా వెనక నిలబడింది. "ఇంకోసారి నడపండి" అంది. ఇంకోసారి నడిపాను. అదే వచ్చింది. అప్పుడే చెప్పి ఉండవలసింది. "ఈ గీత ఆ ఇంటిది కాకపోవచ్చు మేడమ్" అంటే సరిపోయేది. ఆవిడ నా భుజం మీదుగా తెరను చూస్తూ, "చాలా జాగ్రత్తగా తెచ్చారు ఈ శాంపిల్" అంది. ఆరేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. నేను నోరు తెరవలేదు.

ఏ ఇంట్లోనైనా ప్రమాదకరమైన స్థాయిలో ఏదైనా కనిపిస్తే ఆ కుటుంబానికి చెప్పాలన్నది మేం ముందే పెట్టుకున్న నియమం. మేడమ్ ఉత్తరం రాయించింది. మీ ఇంటి దుమ్ములో ఒక పురుగుమందు ఎక్కువగా ఉంది, అది ఎలా వచ్చిందో మేం చెప్పలేం, జబ్బుకు అదే కారణమనీ చెప్పలేం, ఇలాఇలా జాగ్రత్త పడండి అని. ఆ ఉత్తరంలో అబద్ధం ఒకే ఒక్క మాట. "మీ ఇంటి" అన్నది. ఉత్తరం ఆపా తీసుకెళ్ళింది. నాకు ఆ రోజు జ్వరంగా ఉందన్నాను.

మర్నాడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకున్నాక ఆపా చెప్పింది.

"ఆ తల్లి కాగితం చూసి, 'రోజుకి రెండుసార్లు కడిగానక్కా, ఇంకెలా కడగాలి?' అందండీ. ఇంతలో పాప అమ్మమ్మగారు అల్లుడి మీదకి అందుకున్నారు. 'అబ్బాయ్, నువ్వు చెరువు మీద మందులు కొట్టి ఆ బట్టలతోనే వచ్చి పిల్లనెత్తుకుంటావు, నే మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను' అని. ఎలా వచ్చిందో తెలీదని ఇందులోనే రాసుందండీ అని ఎంత చెప్పినా ఎవరూ వినరే."

"ఆయనేమన్నాడు?"

"తన చేతులు చూసుకున్నాడండీ."

తర్వాత వారం ఆపా మళ్ళీ వెళ్ళింది. తండ్రి ఇంట్లో ఉండటం లేదు. చెరువు గట్టు మీద కాపలా పాకలోనే ఉంటున్నాడు. రోజూ సాయంత్రం వచ్చి గేటు బయట నిలబడతాడు. పాప అరుగు మీద కూర్చుంటుంది. అక్కణ్ణుంచే మాట్లాడుకుంటారు. పాప చేతులు చాస్తే, "ఒళ్ళంతా మందు తల్లీ, వద్దు" అంటాడు.

"ఎత్తుకోవట్లేదండీ మాస్టారూ పిల్లని" అంది ఆపా. "ఆ పిల్లేమో, 'నాన్నా, నేనేం చేశాను?' అని అడుగుతోందంట."

నేను డబ్బా మూత పెట్టేశాను. మామిడికాయ పప్పు. ఆ వాసన ఇప్పటికీ నాకు పడదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం, ల్యాబులో ఎవరూ లేనప్పుడు, సంచి అడుగున మరిచిపోయిన న్యూస్‌పేపరు పొట్లం తీసి పరీక్షించాను. గీత ఇంకా ఎత్తుగా లేచింది. అంటే విషం కుడి వాటాలో ఉంది. ధాన్యం బస్తాల గదిలో, ఏడాది పిల్లవాడు పాకే నేల మీద ఉంది. ఎడమ వాటాలో ఏముందో, అసలు ఏమైనా ఉందో లేదో ఇక ఎవరికీ తెలియదు. ఆ రెండు గ్రాములూ విడిగా లేవు. నేను కలిపేశాను.

ఇంత తెలిసీ నేను ఎన్నాళ్ళు ఊరుకున్నానో చెప్పాలి. ఉత్తరం వెళ్ళిన రోజు నుంచి డెబ్భై ఒక్క రోజులు. ఉద్యోగానికి భయపడ్డాననుకుంటారేమో. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదే ఉంది, భయం లేకపోలేదు. దానికంటే ఎక్కువగా ఆ రిజిస్టరు గుర్తొచ్చేది. రేపు చెబుదాం, మేడమ్ ఢిల్లీ నుంచి వచ్చాక చెబుదాం, పాపకు ఈ విడత మందులు పూర్తయ్యాక చెబుదాం అని రోజుకో గడువు పెట్టుకున్నాను. అవతలి వాటాలో పిల్లవాడు ఆ గడువుల పొడుగునా పాకుతూనే ఉన్నాడు. ఇవతల తండ్రి గేటు బయట నిలబడుతూనే ఉన్నాడు. నాకు నిద్రాహారాలు లేవని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. తిన్నాను, నిద్రపోయాను. మా మనవరాలి పుట్టినరోజుకి ఏలూరు వెళ్ళి కేకు తెచ్చాను.

డెబ్భై ఒకటో రోజు పొద్దున ఆపా ల్యాబుకు వచ్చి బ్యాగు కూడా కింద పెట్టకుండా చెప్పింది. "పాపని ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారంటండీ. ఇంక చేసేదేం లేదన్నారంట."

నేను లేచి మేడమ్ గదిలోకి వెళ్ళాను. పొట్లం కాగితం, దాని ఫలితం, రిజిస్టరు ఆవిడ బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. నేను తిట్లకు సిద్ధపడి ఉన్నాను.

"ఇంకెన్ని?" అంది.

"ఇదొక్కటే మేడమ్."

"ఎలా నమ్మమంటారు?"

నిజంగా అదొక్కటే. కానీ నా మాట తప్ప దానికి వేరే రుజువు లేదు. నా మాటకు విలువ లేకుండా చేసుకున్నది నేనే. ఆ వారంలోనే అలమరలో నా సంతకం ఉన్న సీసాలన్నీ తీసి పక్కన పెట్టేశారు. ఐదేళ్ళ పని. వేళ్ళు అరిగేలా గోకి తెచ్చిన దుమ్ము. మేడమ్ నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యమని పైవాళ్ళకు రాయలేదు. ఇకమీదట శాంపిల్ ముట్టుకోవద్దని మాత్రం చెప్పింది. నేను చెప్పింది విన్న ఆ రోజైతే, "ముందు ఆ ఊరు వెళ్ళండి. ఇప్పుడే. రెండిళ్ళకీ చెప్పండి" అంది.

కారులో ఆపాకూ జరిగింది చెప్పాను. గణపవరం దాటాక ఆవిడ, "ఆ రోజు నాకు అనుమానం వచ్చిందండీ. అడగాల్సింది" అని, కిటికీలోంచి చెరువుల వైపు చూస్తూ కూర్చుంది.

పాప తండ్రి గట్టు మీద పాక ముందు మేత సంచులు విప్పుతున్నాడు. మమ్మల్ని చూడగానే లేచి, పాప గురించి చెడ్డ కబురేదో తెచ్చామనుకుని, అలాగే నిలబడిపోయాడు. నేను చెప్పాను. ఒకసారి చెబితే అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను. ఆ ఉత్తరం మీ ఇంటిది కాదు, పక్క వాటాలో దుమ్ము నేను కలిపాను, అందులో దొరికింది మీరు చెరువు మీద చల్లే మందు కాదు.

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేదని చాలా రోజులు అనుకున్నాను. ఆయన చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ, తుడుచుకుంటూ,

"అంటే... నేను పిల్లని ముట్టుకోవచ్చాండీ?" అన్నాడు.

మీ ఇంటి దుమ్ములో ఏముందో మాకు తెలియదండీ అని మొదలుపెట్టబోయాను. నిజం అదే కదా. ఆపా నన్ను మాట్లాడనివ్వలేదు.

"ముట్టుకోండన్నా. స్నానం చేసి, బట్టలు మార్చుకుని, ఎత్తుకోండి. పదండి, ఇప్పుడే పదండి."

ఆయన చెరువు పంపు దగ్గర స్నానం చేశాడు. సబ్బు అరిగిపోయేదాకా చేతులు రుద్దుకున్నాడు. మా కారులో ఎక్కనన్నాడు. సైకిలు మీద ముందు వెళ్తుంటే మేం వెనక వెళ్ళాం. ఆయన గేటు తీసుకుని లోపలికి వెళ్ళాడు. మేం వెళ్ళలేదు. కుడి వాటా వైపు తిరిగాం.

ఆ ఇల్లాలు మేం చెప్పేది విని, ముందు పిల్లవాణ్ణి నేల మీద నుంచి ఎత్తి చంకనేసుకుంది. "దుమ్ము కావాలంటే ఇచ్చానుగదండీ నేను? నవ్వుకుంటూ ఇచ్చాను. అప్పుడే పరీక్ష చేసి చెప్పొచ్చుగా?" అంది. తర్వాత గొంతు పెంచి, "ఎన్నాళ్ళయిందండీ తెలిసి?" అంది. చెప్పాను. ఆవిడ నన్ను అన్న మాటలు ఇక్కడ రాయను. అన్నీ నాకు తగినవే. అటక మీద మామగారి కాలం నాటి డబ్బా ఒకటి దొరికింది. బస్తాల మీద ఏటా కాస్త చల్లేవారట. మేడమ్ మనుషుల్ని పంపి దాన్ని తీయించింది, గది అంతా శుభ్రం చేయించింది. ఆ పిల్లవాడు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. బాగానే ఉన్నాడని ఆపా చెబుతుంది. ఆ మాట కోసం నేను ఆర్నెల్లకోసారి ఆపాకు ఫోన్ చేస్తాను.

మేం అక్కడ ఉన్నంతసేపూ గోడ అవతల నుంచి పాప గొంతు వినిపించింది. దూలం దగ్గర ఖాళీ ఉంది కదా. "చేపల వాసన లేదు నాన్నా" అంది.

ఆ పాప ఇంకో తొమ్మిది రోజులు బతికింది. తొమ్మిది రోజులూ ఆయన దింపలేదట. డెబ్భై ఒకటీ, తొమ్మిదీ. నా లెక్కల్లో ఇక మిగిలినవి ఆ రెండు అంకెలే.

నాలుగు నెలల తర్వాత, నేను ల్యాబులో కాగితాలు సర్దే పనిలో ఉండగా, ఆయన తాడేపల్లిగూడెం వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, చేతిలో చిన్న పొట్లంతో నిలబడ్డాడు.

"ఇప్పుడు ఉందండీ దుమ్ము" అన్నాడు. "మా ఆవిడ కడగడం మానేసింది. పాప మంచం కింద తీశాను. పరీక్ష చెయ్యండి."

దాని వల్ల ఏం తెలుస్తుందో, ఏం తెలియదో మేడమ్ ఆయన్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఆయన అన్నీ విని, "అయినా చెయ్యండి" అన్నాడు. తూకం నన్నే వెయ్యమన్నాడు. తను చూస్తానన్నాడు. మేడమ్ నా వైపు చూసి తల ఊపింది. ఆయన ముందే సీసాలో పోశాను. ఏడు గ్రాముల పైనే తూగింది. పొట్లం కట్టిన కాగితం పాప కాపీ పుస్తకంలోది. "ల" అనే అక్షరం వరసగా దిద్ది ఉంది. చివరి వరస సగంలో ఆగిపోయింది. శాంపిల్ చుట్టి వచ్చిన కాగితాన్ని కూడా ఫలితం వచ్చేదాకా దాచాలన్నది నియమం. అదే చెప్పి, ఆ కాగితాన్ని కవరులో పెట్టి మూసేశాను. పరీక్ష వేరేవాళ్ళు చేశారు.

మూడు వారాల తర్వాత ఆయన మళ్ళీ వచ్చాడు. ఫలితం నేనే చెప్పాలని మేడమ్‌ని అడిగాను. ధాన్యం పొడి జాడ ఉందని, కొద్దిగానే ఉందని, గోడ పైనుంచి వచ్చి ఉండవచ్చని చెప్పాను. చెరువు మందు జాడ కూడా ఉందని, ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో కనిపించేంతే ఉందని చెప్పాను. ఏదీ దాచలేదు.

"అప్పుడు?" అన్నాడు. "పాపకి జబ్బు వచ్చినప్పుడు ఎంతుందండీ?"

"అది తెలియదు. తెలిసేది. నేను కలపకపోతే."

"దేనివల్ల వచ్చిందో?"

"అది మాత్రం ఎప్పటికీ ఎవరూ చెప్పలేరండీ."

ఆయన వెళ్ళడానికి లేచాడు. తర్వాత, "ఆ కాగితం ఇచ్చేస్తారా?" అన్నాడు.

కవరు విప్పి కాగితం బయటకు తీశాను. మడతల్లో ఇంకా సన్నగా దుమ్ము అంటుకుని ఉంది. చేతికి అలవాటైన పని కదా, శుభ్రం చేసి ఇద్దామని, మీటడానికి వేలు ఎత్తాను.

ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"దులపకండి" అన్నాడు.